లక్షలు పోసిన వాచ్ రోజుకు నాలుగైదు సెకన్లు ఎందుకు తప్పుతుంది?

స్విస్ ఆటోమేటిక్ వాచ్ (బ్యాటరీ లేకుండా, చేయి కదలికకే స్ప్రింగ్ చుట్టుకునేది) కొన్నవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే ఒక టెన్షన్ మొదలవుతుంది. ఫోన్‌తో పోల్చి చూస్తే రోజుకు నాలుగు సెకన్లు ముందుకు పోతోంది, మనకు పాడైన పీస్ అంటగట్టారా అని. ఇదే అనుమానం కొననివాళ్లకు ఇంకోలా వస్తుంది: వెయ్యి రూపాయల బ్యాటరీ వాచ్ నెలకు పదిహేను, ఇరవై సెకన్లకు మించి తప్పదు కదా, మరి దానికి వందల రెట్లు ధర ఉన్నది నెలకు రెండు నిమిషాలు తప్పితే ఆ డబ్బు దేనికి పెట్టినట్టు? స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా కూటమితో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచ్‌ల మీద దిగుమతి సుంకం విడతలవారీగా తగ్గుతోంది కాబట్టి కొనేవాళ్లు పెరుగుతారు, ఈ ప్రశ్నలూ పెరుగుతాయి.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ వాటికి జవాబు చెప్పాలంటే కంపెనీలు ప్రకటనల్లో వేసే +6, −4, ±2 లాంటి అంకెల వెనక ఏముందో ముందు విడదీసి చూడాలి, ఎందుకంటే ఒకే రకంగా కనిపించే ఈ అంకెలు ఒకే విషయాన్ని చెప్పడం లేదు.

రోజుకు 6,91,200 టిక్కులు

కీ వాచ్ అయినా ఆటోమేటిక్ అయినా లోపల ఉండేది చుట్టుకున్న ఒక స్ప్రింగ్. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తోస్తుంది. అడ్డేమీ లేకపోతే ఒక్క ఊపులో మొత్తం విప్పుకుపోతుంది కాబట్టి, దాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో చెప్పేది బ్యాలెన్స్ వీల్. ఇది ముందుకూ వెనక్కూ ఊగే చిన్న చక్రం, దాన్ని ప్రతిసారీ మధ్యకు లాగేది వెంట్రుక మందాన ఉండే హెయిర్ స్ప్రింగ్. ఈ జోడీని 1675లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ వాచ్‌లోకి తెచ్చాడు. అప్పటిదాకా రోజుకు పావుగంట అటూ ఇటూ పోయే జేబు గడియారాలు దాంతో కొద్ది నిమిషాల తేడాలోకి వచ్చాయి.

బ్యాలెన్స్ వీల్‌ను ఉయ్యాలలా ఊహించుకోండి. గట్టిగా ఊపినా మెల్లగా ఊపినా ఒక ఊపుకు పట్టే సమయం దాదాపు ఒకటే. ఈ "దాదాపు" అన్న మాటలోనే వాచ్ తయారీదారుల కష్టమంతా ఉంది. ఊపు పెద్దదైనా చిన్నదైనా పట్టే సమయం అచ్చంగా ఒకటే అయితే వాచ్ ఎప్పటికీ తప్పదు, నిజంగా చేసిన ఏ వాచ్‌లోనూ అలా జరగదు.

ఇప్పటి వాచ్‌లు ఎక్కువగా గంటకు 28,800 టిక్కుల వేగంతో నడుస్తాయి, అంటే సెకనుకు 8, రోజుకు 6,91,200. రోజుకు 5 సెకన్లు తప్పడమంటే ఆ లక్షల టిక్కుల్లో 40 టిక్కుల తేడా. శాతంలో చెప్పాలంటే 86,400 సెకన్లలో 5, అంటే 0.006 శాతం కూడా లేదు. కరెంటు లేకుండా, చేతి మీద ఎగుడుదిగుడుగా ఊగుతూ, ఎండలోకీ ఏసీలోకీ తిరిగే ఒక యంత్రానికి ఇది మామూలు విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా శాతం చెప్పి తప్పించుకోవడం కుదరదు. ఆ 40 టిక్కులు రోజూ కూడుతూ పోతే నెల తిరిగేసరికి రెండున్నర నిమిషాలు అవుతాయి, బస్సు తప్పడానికి అది చాలు.

సగటు మంచిదైతే వాచ్ మంచిదేనా?

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వాచ్ రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో దాన్ని రేటు అంటారు. ఆ రేటు రోజురోజుకూ ఎంత మారుతుందన్నది వేరే సంగతి, దాన్ని నిలకడ అందాం.

రెండు వాచ్‌లు తీసుకుందాం. మొదటిది వారంలో వరసగా +5, +5, +4, +5, +6, +5, +5 సెకన్లు నడిచింది. మొత్తం 35 సెకన్లు ముందుకు పోయింది, సగటు రోజుకు +5. రెండోది +12, −9, +7, −11, +10, −8, 0. కూడితే వారం మొత్తానికి ఒకే ఒక్క సెకను తేడా, సగటు సున్నాకు దగ్గర. ఆదివారం నాడు ఫోన్ పక్కన పెట్టి చూసినవాళ్లకు రెండోదే అద్భుతంగా కనిపిస్తుంది. వాచ్ మెకానిక్‌ను అడిగితే మొదటిదే మంచి వాచ్ అంటాడు, సందేహం లేకుండా. మొదటిదాన్ని ఐదు సెకన్లు వెనక్కి సర్దితే చాలు, రోజూ సున్నాకు అటూ ఇటూ ఒక్క సెకనులో ఉంటుంది. రెండోదాన్ని ఎటు సర్దాలి? రేపు అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ తేడా ఎంత విలువైనదో సముద్రం మీద తేలింది. ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలియాలంటే బయల్దేరిన ఊరి టైమ్ ఓడలో సరిగ్గా ఉండాలి. ఇంగ్లండ్‌లో వడ్రంగి కొడుకైన జాన్ హారిసన్ జీవితమంతా ఆ పని మీదే పెట్టాడు. ఆయన నాలుగో గడియారం హెచ్4 1761లో జమైకాకు బయల్దేరింది. అది తప్పకుండా నడుస్తుందని హారిసన్ చెప్పలేదు. రోజుకు 24/9 సెకన్లు, అంటే రెండున్నర సెకన్లకు కొంచెం పైన, వెనకబడుతుందని ముందే లెక్క కట్టి ఉంది. 81 రోజుల తర్వాత ఆ లెక్క తీసేసి చూస్తే తేడా 5 సెకన్లే. ఆ లెక్క తీయకుండా చూస్తే మూడున్నర నిమిషాలు దాటేది. తప్పు ఉన్నా సరే, ముందే తెలిసిన తప్పు రోజూ ఒకేలా ఉంటే దాంతో సముద్రం దాటొచ్చని ఆ ప్రయాణం చూపించింది.

ఆ సెకన్లు ఎక్కడికి పోతున్నాయి?

మొదటి కారణం భూమ్యాకర్షణ. వాచ్‌ను బల్ల మీద డయల్ పైకి చూసేలా పెడితే బ్యాలెన్స్ వీల్ ఇరుసు కొన మీద తిరుగుతుంది, రాపిడి తక్కువ. నిలువుగా పెడితే అదే ఇరుసు పక్కల మీద ఆనుతుంది, రాపిడి పెరిగి ఊపు తగ్గుతుంది. దానికి తోడు చక్రంలో ఒక పక్క రవ్వంత బరువెక్కువున్నా నిలువుగా ఉన్నప్పుడు ఆ తేడా బయటపడుతుంది. అందుకే ఒకే వాచ్‌కు డయల్ పైకి ఉంటే ఒక రేటు, కీ పైకి ఉంటే ఇంకో రేటు.

దీని లెక్క ఇలా ఉంటుంది. మీ వాచ్ చేతికి ఉన్నప్పుడు రోజుకు +6 రేటుతో నడుస్తోందనుకుందాం, 16 గంటలు పెట్టుకుంటే 4 సెకన్లు ముందుకు పోతుంది. రాత్రి 8 గంటలు డయల్ పైకి పెట్టి పడుకున్నారు, ఆ పొజిషన్‌లో రేటు +3 అయితే ఇంకో సెకను కలుస్తుంది, పొద్దుటికి మొత్తం +5. అదే రాత్రి కీ పైకి వచ్చేలా నిలబెట్టారు, ఆ పొజిషన్‌లో రేటు −9 అనుకుంటే 3 సెకన్లు వెనక్కి వస్తుంది, పొద్దుటికి మొత్తం +1. వాచ్‌ను ఎవరూ ముట్టుకోలేదు, లోపల ఏదీ మారలేదు, కానీ ఐదు ఒకటయింది. ఇద్దరు స్నేహితులు ఒకే మోడల్ కొని ఒకరికి +1, ఇంకొకరికి +5 వస్తే ఒకరి పీస్ చెడ్డదని కాదు, పెట్టుకునే తీరు, పడుకోబెట్టే తీరు వేరు కావచ్చు.

రెండోది వేడి. పాతకాలపు ఉక్కు హెయిర్ స్ప్రింగ్ వేడెక్కితే పట్టు సడలి వాచ్ స్లో అయ్యేది, ఒక్కో డిగ్రీకి రోజుకు సుమారు 11 సెకన్లు. మే నెలలో విజయవాడలో బయట 40 డిగ్రీలు, ఏసీ గదిలో 22. తేడా 18 డిగ్రీలు, అంటే ఒక చోట పెట్టిన వాచ్‌కూ ఇంకో చోట పెట్టినదానికీ రోజుకు మూడు నిమిషాలకు పైనే తేడా వచ్చేది. వేడికి తన గుణం దాదాపు మారని నికెల్ ఉక్కు మిశ్రమాలను చార్లెస్ ఎడ్వార్డ్ గియోమ్ కనిపెట్టి ఈ బాధను దాదాపు తీర్చాడు. ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాచ్‌లకు ఇంత మేలు చేసిన ఒక లోహం గురించి ఇంతకంటే గొప్ప మాట నాకు తెలియదు. ఇప్పుడు క్రోనోమీటర్ పరీక్షలో (వాచ్ ఖచ్చితత్వానికి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) ఒప్పుకునే గరిష్ఠ తేడా డిగ్రీకి 0.6 సెకన్లు, అదే 18 డిగ్రీలకు 11 సెకన్లు కూడా దాటదు.

మూడోది అయస్కాంతం, ఈ రోజుల్లో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. స్పీకర్లు, ఫోన్ కవర్ల మూతలు, హ్యాండ్‌బ్యాగ్ బటన్లు, ట్యాబ్ కేసులు, అన్నింట్లో అయస్కాంతాలే. హెయిర్ స్ప్రింగ్‌కు అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచ్ పరుగెత్తుతుంది. నిన్నటిదాకా +4 ఉన్నది ఇవాళ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పోతోందంటే మెకానిక్ ముందు అనుమానించేది దీన్నే. డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణాల్లో పోతుంది. వాచ్ మీద యాంటీమాగ్నెటిక్ అని రాసుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం అడిగేది సుమారు 60 గాస్ (అయస్కాంత బలానికి కొలత) తట్టుకోవడమే, చిన్న అయస్కాంతం ఆనుకుని ఉంటే అంతకంటే ఎక్కువే తగులుతుంది. అందుకే 2000 తర్వాత చాలా కంపెనీలు సిలికాన్ హెయిర్ స్ప్రింగుల వైపు మళ్లాయి, వాటికి అయస్కాంతం అంటదు.

ఇక స్ప్రింగ్‌లో శక్తి తగ్గేకొద్దీ ఊపు తగ్గడం, లోపలి ఆయిల్ ఏళ్ల తరబడి చిక్కబడటం. ఇవి అందరికీ తెలిసినవే.

సర్టిఫికెట్లు ఏం పరీక్షిస్తాయి, ఏం వదిలేస్తాయి

డయల్ మీద క్రోనోమీటర్ అని రాసుకోవాలంటే స్విస్ వాచ్ సాధారణంగా కాస్క్ అనే సంస్థ పరీక్ష పాసవ్వాలి. 1973లో ఏర్పడిన ఈ సంస్థ ప్రతి మూవ్‌మెంట్‌నూ (వాచ్ లోపలి యంత్రం) విడిగా 15 రోజులు పరీక్షిస్తుంది, ఐదు పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల వేడిలో. అందరికీ తెలిసిన −4 నుంచి +6 అన్నది ఇందులో ఒక షరతు మాత్రమే, సగటు రోజువారీ రేటు. అంతగా ఎవరూ పట్టించుకోని మిగతా షరతుల్లోనే అసలు విషయం ఉంది: ఒకే పొజిషన్‌లో రోజుకూ రోజుకూ మధ్య తేడా సగటున 2 సెకన్లు దాటకూడదు, ఎంత ఎక్కువైనా 5 దాటకూడదు, పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ తేడాకు ఒక హద్దు, చివరి రోజు రేటుకూ మొదటి రెండు రోజుల రేటుకూ తేడా 5 సెకన్ల లోపు. అంటే మన ఉదాహరణలో సగటు సున్నా వచ్చిన రెండో వాచ్ లాంటిది ఇక్కడ నిలవదు.

దీని మీద ఒక విమర్శ ఉంది, అది సరైనదే. కాస్క్ చాలాకాలంగా పరీక్షిస్తున్నది కేసులో బిగించని మూవ్‌మెంట్‌ను. ఆ తర్వాత ముళ్లు బిగిస్తారు, కేసులో పెడతారు, ఓడలోనో విమానంలోనో ఇంకో దేశానికి పంపుతారు. పాసైన రోజు రేటే కొన్నవాడి చేతికొచ్చేసరికీ ఉంటుందన్న హామీ ఆ కాగితంలో లేదు. సమర్థించేవాళ్లు చెప్పేది కూడా వినాలి: అమ్మే కంపెనీతో సంబంధం లేని సంస్థ ఒక్కో పీస్‌నూ విడిగా, అందరికీ ఒకే కొలతతో పరీక్షించడం చిన్న విషయం కాదు.

రోలెక్స్ కాస్క్ పరీక్ష అయ్యాక కేసులో బిగించి తన ఫ్యాక్టరీలో మళ్లీ పరీక్షిస్తుంది, 2015 నుంచి దానికి −2 నుంచి +2 అన్న హద్దు పెట్టుకుంది. హద్దు ఇరుకైనదే, పూర్తయిన వాచ్ మీదే, కానీ ఆ రెండో పరీక్ష కంపెనీ సొంతది. ఒమేగా అదే 2015లో స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్‌తో కలిసి మాస్టర్ క్రోనోమీటర్ పరీక్ష తెచ్చింది. ఇందులో వాచ్ 15,000 గాస్ అయస్కాంతాన్ని తట్టుకోవాలి, పూర్తి కీ ఉన్నప్పటికీ మూడో వంతు మిగిలినప్పటికీ రేటు ఎంత మారుతుందో చూస్తారు, హద్దు 0 నుంచి +5. జపాన్‌లో గ్రాండ్ సీకో ఆరు పొజిషన్లలో 17 రోజులు పరీక్షించి −3 నుంచి +5 అంటుంది. పాటెక్ ఫిలిప్ 2009లో తెచ్చుకున్న సొంత ముద్రకు మొదట −3 నుంచి +2 అని రాసుకుంది.

వీటిలో ±2 అన్నది 0/+5 కంటే గొప్పదా? అంకెల వెడల్పు చూస్తే 4 సెకన్లు, 5 సెకన్లు, పెద్ద తేడా లేదు. మెటాస్ సున్నాకు కిందికి ఒప్పుకోదు, అంటే వాచ్ వెనకబడకూడదు. దీని వెనక అనుభవం ఉంది. ముందుకు పోయే వాచ్ మనల్ని స్టేషన్‌కు కాస్త ముందు చేరుస్తుంది, వెనకబడేది రైలు తప్పిస్తుంది. పైగా ముందుకు పోయినదాన్ని సర్దడం తేలిక, కీ లాగి సెకన్ల ముల్లు ఆపి నిజమైన టైమ్ వచ్చేదాకా పట్టుకుని వదిలేస్తే సరి.

రైలు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. అమెరికాలోని ఓహాయోలో కిప్టన్ దగ్గర 1891 ఏప్రిల్‌లో రెండు రైళ్లు ఢీకొన్నాయి, ఒక ఉద్యోగి వాచ్ మధ్యలో నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడవడమే కారణమని చెబుతారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే వాచ్ వ్యాపారికి రైల్వే వాచ్‌ల తనిఖీ అప్పగించారు, అక్కడ స్థిరపడిన నియమం వారానికి 30 సెకన్లకు మించి తప్పకూడదన్నది. రోజుకు నాలుగు సెకన్ల పైచిలుకు. నూట ముప్పై ఏళ్ల కిందటి జేబు వాచ్‌కు పెట్టిన హద్దు, ఈనాటి కాస్క్ సగటు హద్దు పక్కపక్కనే ఉన్నాయి.

ధర పెరిగితే ఖచ్చితత్వం పెరుగుతుందా

ఒక మేరకు పెరుగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మన ఇళ్లలో చాలామంది తాతల చేతికి ఉన్న హెచ్‌ఎంటీ కీ వాచ్‌లు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలయ్యాయి, వాటి వేగం ఎక్కువగా సెకనుకు 5 టిక్కులు. హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాంకేతిక సాయంతో వాచ్‌లు చేసింది. అలాంటి వాచ్ రోజుకు పదిహేను, ఇరవై సెకన్లు తేడా చూపిస్తే ఎవరూ ఫిర్యాదు చేసేవాళ్లు కాదు. అక్కడి నుంచి క్రోనోమీటర్ స్థాయికి రావడానికి మంచి హెయిర్ స్ప్రింగ్, ప్రతి పొజిషన్‌లో సర్దే పనివాడి సమయం కావాలి, వాటికి డబ్బవుతుంది. కానీ ఐదు లక్షల వాచ్ నుంచి యాభై లక్షల వాచ్‌కు వెళ్తే పెరిగేది బంగారం, చేతితో చేసిన నునుపు, క్యాలెండర్లు, పేరు. రేటు అక్కడే ఉంటుంది.

టూర్బియాన్ దీనికి మంచి ఉదాహరణ. బ్యాలెన్స్ వీల్‌నూ ఎస్కేప్‌మెంట్‌నూ ఒక చిన్న పంజరంలో పెట్టి, పంజరాన్నే తిప్పే ఏర్పాటు ఇది, బ్రెగే అనే వాచ్ తయారీదారు 1801లో పేటెంట్ తీసుకున్నాడు. జేబులో రోజంతా నిలువుగా ఉండే వాచ్‌కు పొజిషన్ తప్పులు ఒకదానికొకటి కొట్టేసుకునేలా చేయడం దాని పని. చేతి వాచ్ ఎలాగూ పొజిషన్లు మారుస్తూనే ఉంటుంది కాబట్టి దాని లాభం ఇక్కడ చాలా తగ్గుతుంది. సరిగ్గా చేసినది చేతి మీద కూడా ఎంతో కొంత మేలు చేస్తుందని దాని వైపు వాదించే తయారీదారులు ఉన్నారు. నా దృష్టిలో అది పనితనం కోసం కొనాల్సిన వస్తువు, సెకన్ల కోసం కాదు.

సెకన్లే కావాలంటే దారి వేరే ఉంది, అది 1969 డిసెంబర్ 25న టోక్యోలో తెరుచుకుంది. ఆ రోజు సీకో అమ్మకానికి పెట్టిన ఆస్ట్రాన్ క్వార్ట్జ్ వాచ్ (బ్యాటరీతో కంపించే స్ఫటికం టైమ్ చూసేది) నెలకు ±5 సెకన్లు అంది, ధర 4,50,000 యెన్లు. అంటే మొదట్లో క్వార్ట్జే విలాసం. ఇప్పటి మామూలు క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, సెకనుకు నాలుగు సార్లు ఊగి వచ్చే బ్యాలెన్స్ వీల్ దానికి సాటి రావడం భౌతికశాస్త్రం ప్రకారమే కుదరదు. 2019లో సిటిజన్ ఏడాదికి ±1 సెకను అన్న క్వార్ట్జ్ తెచ్చింది. మధ్యదారి కూడా ఉంది: గ్రాండ్ సీకో స్ప్రింగ్ డ్రైవ్‌లో శక్తి స్ప్రింగ్‌దే, బ్యాటరీ ఉండదు, కానీ వేగాన్ని అదుపు చేసేది క్వార్ట్జ్. దాని మామూలు మోడల్ నెలకు ±15 సెకన్లు. ఇది మెకానికలేనా అన్న వాదన అభిమానుల మధ్య ఇంకా నడుస్తోంది, రెండు పక్కలా బలం ఉంది.

టైమ్‌గ్రాఫర్ చెప్పే అంకె, సర్దుబాటు

షాపులో వాచ్‌ను టైమ్‌గ్రాఫర్ అనే యంత్రానికుండే చిన్న మైకు మీద పెడితే తెర మీద మూడు అంకెలు వస్తాయి. మొదటిది ఆ క్షణంలో రేటు. రెండోది ఊపు ఎన్ని డిగ్రీలు అన్నది, పూర్తి కీతో డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మూడోది టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉందా లేదా అన్నది. ఇది అర నిమిషం పాటు ఒక్క పొజిషన్‌లో చూసిన అంకె. దీన్ని చూసి రోజు మొత్తానికి తీర్పు చెప్పలేం, అలాగే +2 చూపించిందని మురిసిపోవడానికీ లేదు, ఊపు 200కు పడిపోయిన వాచ్ కూడా ఒక పొజిషన్‌లో +2 చూపించగలదు.

ఇంట్లో రాసుకున్న పది రోజుల లెక్క మెకానిక్‌కు ఈ తెర కంటే ఎక్కువ చెబుతుంది. రోజూ +8, +9, +8 అని వస్తుంటే మూత తీసి హెయిర్ స్ప్రింగ్ పని చేసే పొడవునో, బ్యాలెన్స్ వీల్ అంచున ఉండే చిన్న మరలనో రవ్వంత కదిపితే చాలు, వారంటీలో ఉన్నదాన్ని సర్వీస్ సెంటర్లు ఇలాగే సరిచేస్తాయి. +3, −12, +9 అని గెంతుతుంటే మాత్రం ఆ మరలు తిప్పి లాభం లేదు. అయస్కాంతం, ఎండిన ఆయిల్, దెబ్బ తగిలిన ఇరుసు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది, మొత్తం విప్పి చూడాల్సిందే.